మచ్చుకోత: అందలి దోషములు

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టిచూచిన చాలునందురు. ఎసట మెతుకులన్నియు నొక్కరీతిని ఉడుకును గావున అది నిజమే. వరిచేను అట్టిది కాదు. ఒకే గ్రామమున కాలువ తలాపుననున్న మడి వేరు, శివారు మడి వేరు. కావున కొలది మడులనుబట్టి గ్రామమంతటి దిగుబడిని నిర్ణయించునపుడు, ఆ మడులను ఎన్నుకొనిన విధమే ముఖ్యము.

ఉద్యోగి బాటప్రక్క మడినే కోయించినను, రైతు ఏపుగా పండిన మడిని చూపినను, లేక నష్టము హెచ్చుగా కనబడవలెనని తాలుపోయిన చేనినే చూపినను లెక్క తప్పును. దీనికి విరుగుడు చీట్లు వేసి ఎన్నుకొనుట వంటి పద్ధతి. తరువాత ఒరిస్సాకు తొలి గవర్నరైన హబ్బక్ దొర 1920 దశకమున బిహారు-ఒరిస్సా రాష్ట్రమున వరిదిగుబడిని ఇట్లే అంచనావేసెను. నేడును సర్వేనెంబరును, చేనిలో కోయవలసిన చోటును యాదృచ్ఛిక సంఖ్యలే నిర్ణయింపవలయును. ఎవరి యిష్టమును కాదు.

మడి న్యాయముగ ఎన్నికయైనను మఱియొక దోషము కలదు. కోయు తునక మిక్కిలి చిన్నదైనచో దిగుబడి హెచ్చుగా తేలునని 1940 దశకమున సుఖాత్మే పండితుడు చూపెను. హద్దుత్రాటి మీది కుదుళ్లను కోతగాండ్రు లోపలికే చేర్చుకొనుట ఇందులకు ముఖ్యకారణము. నాలుగువైపుల 5 సెంటీమీటర్లు వెలుపలికి జరిగిరనుకొనుడు. ప్రక్కకు 1 మీటరు గల చదరములో విస్తీర్ణము నూటికి 21 పాళ్లు పెరుగును. 5 మీటర్ల చదరములో 4 పాళ్లే పెరుగును. ఈ తప్పు ఎల్లప్పుడును ఒకే దెసకు మొగ్గును గావున నూఱు తునకలు కోసినను తీరదు. తప్పు త్రాసుతో పదిమార్లు తూచినను తూకము సరిపడదు గదా!

2016లో ఆరంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో, ప్రాంతపు దిగుబడి నిర్ణీత మట్టమునకు తగ్గినపుడే దిగుబడి నష్టమునకు పరిహారము లభించును. ఆ లెక్కకు పంటకోత ప్రయోగములే ముఖ్యాధారము. నాలుగు తునకలలో దిగుబడి హెచ్చుగా తేలినచో, నిజముగా నష్టపడిన రైతులందఱును పరిహారమునకు దూరమగుదురు.

కావున సంఘసభ్యులు కోతనాడు తప్పక హాజరు కావలయును. మడి సంఖ్య ఎట్లు వచ్చినదో అడుగవలయును. త్రాడు బిగువుగా నున్నదో లేదో, హద్దు కుదుళ్లు ఎటు చేరినవో, తూకమెంత వచ్చినదో కన్నులార చూచిన పిమ్మటనే సాక్షిసంతకము చేయవలయును.