మంచుకొండ మీద పందెం



మా నంద్యాల ఎండల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. అలాంటి ఊళ్లో ఉంటూ మంచుమీద జారే పందెం గురించి మాట్లాడతానంటే నవ్వొస్తుందేమో! ఆ మధ్య ఆళ్లగడ్డలో మా చెల్లెలి ఇంటికి వెళ్లాను. దాని కూతురు టీవీలో ఈ పందెం చూస్తూ, "పెద్దమ్మా, వీళ్లంతా ఒకేసారి బయల్దేరరేం? ఎవరు గెలిచారో ఎలా తెలుస్తుంది?" అని అడిగింది. నాకు తెలీదు. వాళ్లమ్మ మాత్రం, "మంచు ఉన్నవాళ్ల ఆట మనకెందుకే, లేచి చదువుకో" అనేసింది. పిల్ల ముఖం చిన్నబోయింది. అందుకే తెలుసుకున్నాను. తెలిసింది మీకూ చెబుతున్నాను.

కాళ్లకు స్కీలనే పొడుగాటి పలకలు బిగించుకుని, మంచుకొండ మీదనుంచి ఒక్కొక్కరే దిగుతారు. పక్కన పోటీదారు ఉండరు, గడియారమే పోటీ. సెకనులో నూరోవంతు వరకు లెక్కగడతారు. 2014లో సోచి ఒలింపిక్స్‌లో స్లొవేనియా అమ్మాయి టీనా మాజె, స్విట్జర్లాండ్ అమ్మాయి డొమినిక్ గిసాన్ ఆ నూరోవంతు దాకా సమానంగా వచ్చారు. ఇద్దరికీ బంగారు పతకాలిచ్చారు!

పందేలు ముఖ్యంగా నాలుగు రకాలు. మొదటిది స్లాలమ్. దారి పొడుగునా దగ్గర దగ్గరగా కర్రలు పాతి, గేట్లు గుర్తుపెడతారు. వాటి మధ్యనుంచి గబగబా మెలికలు తిరుగుతూ దిగాలి. మనం చుక్కల మధ్య మెలికల ముగ్గు వేస్తామే, అలాగన్నమాట. ఒక్క చుక్క తప్పితే ముగ్గు చెడినట్టే, ఒక్క గేటు తప్పితే పందెం పోయినట్టే. రెండోది జెయింట్ స్లాలమ్. ఇందులో గేట్లు ఎడంగా ఉంటాయి, మలుపులు పెద్దవి. నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్లేటప్పుడు నల్లమల ఘాట్ మలుపులు గుర్తు తెచ్చుకోండి. ఈ రెంటిలోనూ రెండుసార్లు దిగాలి. రెండు కాలాలూ కలిపి ఎవరిది తక్కువైతే వారిదే గెలుపు.

మూడోది సూపర్ జీ. వేగం ఎక్కువ, దిగేది ఒక్కసారే. ముందుగా దారి చూసుకోనిస్తారు గానీ, దిగి అలవాటు చేసుకోనివ్వరు. నాలుగోది డౌన్‌హిల్. అన్నిటికన్నా వేగం దీనిదే. అందుకే ముందురోజుల్లో దిగి చూసుకోవాలి. ఇందులో గంటకు 130 కిలోమీటర్లు దాటిన వాళ్లున్నారు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో గంట పట్టే దూరం, ఆ లెక్కన ఇరవై నిమిషాలే! పడితే ఎముకలు విరుగుతాయి. తలకు హెల్మెట్ లేనిదే దిగనివ్వరు.

ఇంత మొరటు ఆట ఆడవాళ్లకెందుకంటారా? ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల మారథాన్ పరుగు 1984 దాకా లేదు. కానీ ఈ కొండ పందేన్ని 1936లో తొలిసారి పెట్టినప్పుడే ఆడవాళ్లకూ పెట్టారు. అమెరికా అమ్మాయి మికేలా షిఫ్రిన్ 2025లో తన నూరో ప్రపంచ కప్ పందెం గెలిచింది. మగవాళ్లలో కూడా అన్ని గెలిచినవాళ్లు లేరు.

మరి మనవాళ్లో? 1988లో కెనడాలోని కాల్గరీ ఒలింపిక్స్‌లో శైలజా కుమార్ స్లాలమ్‌లో దిగింది. శీతాకాల ఒలింపిక్స్‌లో పాల్గొన్న తొలి భారతీయ మహిళ ఆమే. వచ్చింది 28వ స్థానం. "ఓస్, ఇంతేనా!" అనకండి. ఆ రోజు ఎందరో పేరున్న వాళ్లు దారిలోనే పడి, గేట్లు తప్పి ఆగిపోయారు. ఈమె రెండుసార్లూ కిందదాకా దిగింది. ఆ తర్వాత 2018లో, మనాలి ప్రాంతపు అమ్మాయి ఆంచల్ ఠాకూర్ టర్కీలో జరిగిన పోటీలో స్లాలమ్‌లో కంచు పతకం తెచ్చింది. 

మన పిల్లలకు మంచు ఎక్కణ్ణుంచి తెస్తాం, తేలేం. కానీ పక్కింటి పిల్లతో పోల్చకుండా, "నిన్నటికన్నా నువ్వెంత మెరుగు?" అని అడగడం ఈ ఆటనుంచి నేర్చుకోవచ్చు కదా! సాయంత్రం ఓ గంట ఆడపిల్లను కూడా ఆడుకోనివ్వడానికి మంచుకొండే కావాలా?

మొన్న మళ్లీ ఆళ్లగడ్డ వెళ్లి ఇదంతా మా పిల్లకు చెప్పాను. వాళ్లమ్మ వంటింట్లోంచి వింటూనే ఉంది. చివరికి పొయ్యి తగ్గించి వచ్చి, "ఆ శైలజ పడకుండా దిగిందా అక్కా?" అని అడిగింది.