బహుళస్థాయి మోడల్ అవసరం

50 పాఠశాలల నుంచి 20 మంది చొప్పున 1,000 మంది విద్యార్థుల మార్కులు సేకరించామనుకుందాం. ఒకే పాఠశాల విద్యార్థులకు ఉపాధ్యాయులు, వసతులు ఉమ్మడి కాబట్టి వారి మార్కులు పరస్పరం స్వతంత్రం కావు.

మార్కుల విస్తృతిలో పాఠశాలల మధ్య భాగం 20, పాఠశాలల లోపలి భాగం 80 అయితే,

అంతర్వర్గ సహసంబంధం = 20 ÷ 100 = 0.20
డిజైన్ ప్రభావం = 1 + (20 − 1) × 0.20 = 4.8

అంటే సగటును అంచనా వేయడంలో ఈ 1,000 మంది సుమారు 208 మంది స్వతంత్ర విద్యార్థులతో సమానం. దీన్ని విస్మరిస్తే సగటు ప్రామాణిక దోషం అసలు విలువలో సగం కంటే తక్కువగా కనిపిస్తుంది; లేని తేడా ఉన్నట్లు నిర్ధారించే ప్రమాదం పెరుగుతుంది.

ఆర్ సాఫ్ట్‌వేర్‌లోని ఎల్‌ఎంఈ4 ప్యాకేజీ ఈ రెండు విస్తృతులను విడివిడిగా అంచనా వేస్తుంది. కాబట్టి ముందుగా వివరణాత్మక చలరాశులు లేని మోడల్‌ను అమర్చి, అంతర్వర్గ సహసంబంధాన్ని లెక్కించండి.