చేప కంట్లో శుక్లం

కూరలో చేప తల తినేటప్పుడు కంట్లో తెల్లని గోళీ తగులుతుంది, చూశారు కదా? అది కంటి కటకం. బతికున్న చేపలో గాజులా పారదర్శకంగా ఉంటుంది. ఉడికితే అందులోని మాంసకృత్తులు గడ్డకట్టి తెల్లబడతాయి. మేతలో లోపముంటే ఈ తెలుపు బతికున్న చేప కంట్లోనే ఏర్పడవచ్చు. అదే శుక్లం.

1990లలో ఆవుల వ్యాధి భయంతో నార్వేలో సాల్మన్ చేపల మేత నుంచి పశువుల రక్తపు పొడిని తీసేశారు. దాంతో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం తగ్గి, చేపలకు శుక్లాలు వచ్చాయి. జింకు చాలకపోతే ట్రౌట్ చేపలకూ ఇంతే.

కోనసీమ చెరువుల్లో బొచ్చె, శీలావతులకు తవుడు, వేరుశనగ చెక్క వేస్తారు. తవుడులో జింకు లేకపోలేదు. కాని అందులోని ఫైటిక్ ఆమ్లం దాన్ని పట్టి ఉంచి, చేప ఒంటికి పట్టనివ్వదు. మరి మన చేపల కళ్లకు రక్ష ఏమిటి? చెరువు నీటిలోని ప్లవకాలు! రైతు చెరువులో పేడ వేసేది వీటిని పెంచడానికే. వలగూళ్లలోని సాల్మన్‌కు ఆ వసతి లేదు, వేసిన గుళికే గతి. మన చెరువులోనైనా చేపలను మరీ కిక్కిరిసి పెంచితే, ఒక్కొక్కదానికి దక్కే ప్లవకాల వాటా తగ్గి, భారమంతా మేత మీదే పడుతుంది.