ఎండిపోని పచ్చిక మన ముంగిటికి అవసరమా?

మద్రసాలో పాఠాలు చెప్పుకునే మాబోటి వారిని ప్రజలు అడిగే ప్రశ్నలు కాలంతో పాటు మారుతూ ఉంటాయి. ఒకప్పుడు ఇంటి విషయమై సలహా కోరి వచ్చేవారు అప్పుల గురించో, వారసత్వపు వాటాల గురించో అడిగేవారు. ఈ రెండు మూడేళ్లుగా ఒక కొత్త ప్రశ్న తరచుగా వినవస్తున్నది: ‘మౌలానా, ఇంటి ముందు కృత్రిమ పచ్చిక పరిపించుకోవచ్చునా? దాని మీద నమాజు చెల్లుతుందా?’ అడిగేవారిలో చాలామంది కొత్తగా ఇల్లు కట్టుకున్నవారు. మహానగరాల బాల్కనీలలో మాత్రమే కనిపించిన ఈ ఆకుపచ్చని తివాచీ ఇప్పుడు చిన్న పట్టణాల ముంగిళ్లకూ వచ్చి చేరింది.

ధర్మశాస్త్ర భాగం చిన్నది గనుక ముందుగా అదే చెప్పేస్తాము. వస్తువుల విషయంలో మూలసూత్రం అనుమతి. నిషేధించాలంటేనే ఆధారం కావాలి. ప్లాస్టిక్ పచ్చికను నిషేధించే ఆధారమేదీ మాకు కనబడలేదు. ప్రాణుల బొమ్మల విషయంలో ఉన్న అభ్యంతరం చెట్టుచేమల ప్రతిరూపాలకు వర్తించదు. అది శుభ్రంగా ఉండి, సజ్దాలో నుదురు దానిపై స్థిరంగా ఆనితే నమాజు చెల్లుతుంది. ఈ మాట వినగానే చాలామంది తృప్తిగా లేచి వెళ్లిపోతారు. కాని అనుమతి ఉన్నదంతా మన ఇంటికి తగినదే అవుతుందా? ఆ ప్రశ్నకు జవాబు గ్రంథాలలో కన్నా ముంగిట్లో నిలబడి చూస్తేనే ఎక్కువగా దొరుకుతుంది.

ఈ వస్తువుకు ఆదరణ ఎలా దొరికిందో తెలుసుకుంటే సగం సంగతి బోధపడుతుంది. అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో 1965లో పైకప్పు ఉన్న ఒక భారీ క్రీడాప్రాంగణం ప్రారంభమైంది. దాని పేరు ఆస్ట్రోడోమ్. కప్పులోని పారదర్శక పలకల గుండా ఎండ పడేది. లోపల నిజమైన గడ్డే పెంచారు. అయితే ఆ పలకల మిరుమిట్ల వల్ల గాలిలోకి లేచిన బంతి ఆటగాళ్లకు కనబడకుండా పోయేది. పలకలకు రంగు పూశారు. ఎండ అందక గడ్డి చచ్చిపోయింది. 1966లో దాని స్థానంలో నైలాన్ పచ్చిక పరిచారు. ఆ ప్రాంగణం పేరు మీదనే దానికి ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు స్థిరపడింది. అంటే, ఎండ చొరని చోట గడ్డి బతకదు గనుక దీనికి ఆదరణ దొరికింది. మనమేమో ఎండ విడిచిపెట్టని చోట దీనిని పరుస్తున్నాము.

ఇప్పుడు ఇళ్లకు అమ్మేది ఎక్కువగా పాలిథిలిన్, పాలిప్రొపిలిన్ పోగులతో చేసినది. పోగులను ఒక గుడ్డలాంటి అడుగుపొరలో కుట్టి, వెనుక జిగురు పూసి, నీరు దిగేందుకు రంధ్రాలు చేస్తారు. పోగులు నిలబడి ఉండేందుకు కొన్నిచోట్ల సన్నని ఇసుక చల్లుతారు; ఆటస్థలాలలోనైతే పాత టైర్లను పొడి చేసిన రబ్బరు గుళికలు నింపుతారు. ఈ గుళికలు మట్టిలోకీ నీటిలోకీ చేరుతున్నాయని గుర్తించి ఐరోపా సమాఖ్య 2023లో వాటి అమ్మకాన్ని నిషేధించే నిబంధన తెచ్చింది. క్రీడాస్థలాలకు మాత్రం 8 సంవత్సరాల గడువు ఇచ్చింది. నిషేధం గుళికలకే గాని పచ్చికకు కాదు. అయినా ఎండకు పెళుసుబారిన పోగులు కూడా కాలక్రమాన తెగి రాలుతాయి. ఊడ్చినప్పుడు చీపురుకు వచ్చేవి కొన్ని, వాన నీటితో కాలువలోకి పోయేవి మిగిలినవి.

ఇక వేడి. బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం వారు 2002 జూన్ నెలలో తమ క్రీడాస్థలంలో పగటిపూట కొలతలు తీశారు. నిజమైన గడ్డి ఉపరితలం సగటున సుమారు 26 డిగ్రీల సెల్సియస్ ఉండగా, కృత్రిమ పచ్చిక సుమారు 47 డిగ్రీలు ఉన్నది. అది యూటా రాష్ట్రంలోని లెక్క. మన కర్నూలులో, నల్లగొండలో, రామగుండంలో రోహిణీ కార్తె మధ్యాహ్నం ఎలా ఉంటుందో పాఠకులే ఊహించుకోవచ్చును. కారణం సులభమైనదే. సజీవమైన గడ్డి వేళ్లతో నీటిని తాగి ఆకులతో ఆవిరి చేస్తుంది. ఆవిరి అయ్యే నీరు వేడిని తనతో తీసుకొనిపోతుంది. మట్టికుండలో నీరు చల్లబడేది కూడా ఇందువల్లనే. ప్లాస్టిక్‌కు తాగడమూ లేదు, విడవడమూ లేదు. పడిన ఎండనంతా పట్టుకొని కూర్చుంటుంది. పిల్లలు ఆడుకుంటారని పరచిన పచ్చిక మీద, వేసవి సెలవులలో వాళ్లు ఉత్తకాళ్లతో అడుగు పెట్టలేరు.

మా దృష్టిలో వేడికన్నా ముఖ్యమైనది, ఎవరూ అడగనిది మరొకటి ఉన్నది. అది శుద్ధికి సంబంధించినది. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం నేల మీద అశుద్ధం పడి, ఎండి, దాని రంగూ వాసనా పోతే ఆ నేల నమాజుకు పరిశుభ్రమైనదే అవుతుంది. ఆ నేలలో నాటుకొని ఉన్న గడ్డికీ అదే నియమం. పసిబిడ్డ మూత్రం పోసినా, పిల్లి వచ్చి పాడుచేసినా ఎండా గాలీ మట్టీ కలిసి ఆ చోటును శుభ్రం చేసుకుంటాయి. (అటువంటి నేల తయమ్ముమ్‌కు మాత్రం పనికిరాదు, ఈ భేదం గుర్తుంచుకోవాలి.) కృత్రిమ పచ్చిక నేల కాదు, గుడ్డ వంటిది, తివాచీ వంటిది. ఎండినంత మాత్రాన అది శుద్ధి కాదు, కడగవలసిందే. పిండడానికి వీలుకానిది కనుక మూడుసార్లు నీళ్లు పోసి, ప్రతిసారీ నీరు కారడం ఆగేవరకు ఉండాలి. అడుగున నీరు పోయే దారి లేకపోతే ఆ మలినం పొర కిందనే నిలిచిపోతుంది. చిన్నపిల్లలూ కోళ్లూ పిల్లులూ ఉన్న ఇంట్లో ఇది ఎంత పనో ఇల్లాలికి తెలుస్తుంది. నీటి ఆదా కోసమని తెచ్చుకున్నది నీరు అడగడం మొదలుపెడుతుంది.

అలాగని ప్లాస్టిక్ వద్దనేవారందరూ చెప్పే సలహా, అంటే నిగనిగలాడే విదేశీ పచ్చిక పెంచండి అనడం, మాకు సమ్మతం కాదు. లెక్క చూడండి. ఒక మిల్లీమీటరు నీరు అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. నడివేసవిలో పచ్చిక నుండి రోజుకు 5, 6 మిల్లీమీటర్ల నీరు ఆవిరైనా, 200 చదరపు అడుగుల చిన్న తోటకు రోజూ దాదాపు 100 లీటర్లు పోయాలి. బోర్లు ఎండి వీధిలోకి ట్యాంకరు వచ్చే ఊళ్లో అది ఇస్రాఫ్, దుబారా. దైవప్రవక్త (స) ఒక ముద్, అంటే దోసెడు నీళ్లతో వుజూ చేసుకునేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఆయన అనుయాయులము ట్యాంకరు నీళ్లు గడ్డికి పోస్తామా?

మరొక మాట. పచ్చిక కావాలని నిర్ణయించేది మగవారు. నీళ్లు పోసేది, కలుపు తీసేది ఆడవారు. భర్త గల్ఫ్‌లో ఉండి ఫోనులో తోట చూసి మురిసిపోతే, ఇక్కడ బకెట్టు మోసే భార్య ప్లాస్టిక్‌దే నయమనుకుంటే ఆమెను తప్పు పట్టలేము. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటి పనులలో పాలు పంచుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన సంగతి అందరికీ తెలిసినదే.

మా పూర్వ విద్యార్థి ఒకరి ఇంట్లో సరిగ్గా ఇదే చర్చ నడిచింది. చెల్లెలి నికాహ్ దగ్గరపడుతున్నదని, వచ్చే బంధువుల ముందు ముంగిలి అందంగా ఉండాలని 300 చదరపు అడుగుల మట్టి నేలను సిమెంటు చేయించి పచ్చిక పరిపించాలని అతడు నిశ్చయించుకున్నాడు. నమూనా ముక్కలు తెచ్చి మాకు చూపించాడు. 25 మిల్లీమీటర్లదా, 40 మిల్లీమీటర్లదా అన్నదే అతని సందేహం. మేము ఇంటికి వెళ్లి చూశాము. ఆ ముంగిట్లో ఒక వేపచెట్టు, గోరింట పొద, మూలగా పుదీనా, మిగతా అంతా గరిక. అతని అమ్మమ్మ ఆ వేప నీడలోనే అస్ర్ నమాజు చేసుకుంటారు. చర్మవ్యాధి వల్ల నీళ్లు తగలరాదని వైద్యులు చెప్పినప్పటి నుండి ఆమె తయమ్ముమ్ చేసేది కూడా ఆ ముంగిట, గోడవారన ఉన్న శుభ్రమైన మట్టితోనే. ‘నానీకి ఒక మట్టి పెంకు తెచ్చి గదిలో పెడతాను, దానితో తయమ్ముమ్ చెల్లుతుంది కదా ఉస్తాద్?’ అన్నాడు. చెల్లుతుంది, నిజమే. ఆమె ఏమీ అనలేదు. ‘నీ ఇష్టం బేటా, ఇల్లు నీది’ అని మాత్రం అన్నారు. మేము అతనితో అన్నది ఒక్కటే: పెంకుతో తయమ్ముమ్ అవుతుంది గాని, గది దాటి బయటికి రావడానికి ఆమెకు మరి ఏ కారణం మిగులుతుంది?

అతడు వారం రోజులు ఆలోచించాడు. వీధి తలుపు నుండి వరండా వరకు కడప బండలు, సందుల మధ్య గరిక మొలిచేలా, సిమెంటు లేకుండా వేయించాడు. బురద భయం తీరింది. వుజూ కుళాయి నీరు మురుగులోకి పోకుండా చిన్న కాలువ తీసి పుదీనా, కరివేపాకు మొదళ్లకు మళ్లించాడు. వుజూకు వాడిన నీరు మళ్లీ వుజూకు పనికిరాదు గాని హనఫీ విద్వాంసుల ప్రకారం అది పరిశుభ్రమైనదే, మొక్కలకు నిరభ్యంతరంగా పోయవచ్చును. కృత్రిమ పచ్చికను పూర్తిగా మానలేదు. పైఅంతస్తులో నీడపట్టున ఉన్న చిన్న వసారాలో, పిల్లలు సిమెంటు మీద పడి మోకాళ్లు చీరుకోకుండా, 40 చదరపు అడుగుల మేర పరిపించాడు. అది తగిన చోటే.

గరిక వేసవిలో ఎండిపోయి అసహ్యంగా కనిపిస్తుందన్నది ఆ కుటుంబంలోనే కాదు, అందరి నోటా వినిపించే ఫిర్యాదు. ఇక్కడ మేము కాస్త ఆగదలచుకున్నాము. దివ్య ఖుర్ఆన్ ప్రాపంచిక జీవితాన్ని పోల్చిన వాటిలో ఒకటి, వానకు ఏపుగా ఎదిగి, పసుపుబారి, చివరకు పొట్టుగా మారే పైరు. మృతులు ఎలా లేపబడతారని శంకించేవారికి అది చూపించే నిదర్శనం కూడా, ఎండి పడి ఉన్న నేల వాన పడగానే చలించి ఉబ్బి పచ్చబడడమే. ఈ పాఠం చెప్పడానికి మన నేలలో గరికను మించిన ఉపాధ్యాయుడు లేడు. మే నెలలో దానిని చూస్తే చచ్చిందనే అంటారు. మృగశిర కార్తెలో రెండు వానలు పడనివ్వండి. మూడవ నాటికి కణుపు కణుపునా పచ్చని మొలక. మద్రసాలో పునరుత్థానం గురించి మేము గంటసేపు చెప్పినా పట్టుబడనిది, పిల్లవాడికి ఆ ఉదయం ముంగిట్లో ఒక్క చూపులో పట్టుబడుతుంది. ఎప్పుడూ ఎండని పచ్చిక అతనికి ఏమి చెబుతుంది? ముంగిలి ఏడాదికి రెండు నెలలు గోధుమరంగులో ఉంటే బంధువులు ఏమనుకుంటారో అన్న దిగులుకు ప్లాస్టిక్ మందు కాదు.

పైగా ఆ గడ్డి మన ఒక్కరిదీ కాదు. నాటిన చెట్టు నుండి, వేసిన పైరు నుండి మనిషి గాని పక్షి గాని పశువు గాని తింటే అది నాటినవానికి సదఖాగా నమోదవుతుందన్న హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. గరిక గింజలకు పిచ్చుకలు వస్తాయి, మట్టిలోని పురుగులకు గోరువంకలు వస్తాయి. బక్రీదుకు ముందు తెచ్చుకున్న మేకపోతు నాలుగు రోజులు మేస్తుంది. నేలను సిమెంటుతో మూసి పైన పచ్చరంగు పరిచిన నాడు ఇవేవీ ఉండవు. ఒక వానకు 20 మిల్లీమీటర్లు కురిస్తే 200 చదరపు అడుగుల నేల మీద 370 లీటర్ల దాకా నీరు పడుతుంది. మట్టి ఉంటే అందులో చాలా భాగం మన బోరు వైపే దిగుతుంది, సిమెంటు ఉంటే వీధిలోకి పోయి పొరుగువారి గుమ్మం ముందు నిలుస్తుంది. పొరుగువారి హక్కు గురించి వేరే చెప్పనక్కరలేదు.

నేల లేని ఇల్లు, మూడవ అంతస్తులోని అద్దె ఇల్లు, నీడలో ఉండే బాల్కనీ, పడిపోయే భయం ఉన్న వృద్ధులు నడిచే గచ్చు: ఇటువంటి చోట్ల కృత్రిమ పచ్చికకు మేము అభ్యంతరం చెప్పము. కొనేవారు వెనుకవైపు తిప్పి చూసి, నీరు పోయే రంధ్రాలు ఉన్నవో లేవో గమనించాలి. నేలకు జిగురుతో అంటించకుండా, చుట్టి తీసి కడిగి ఆరవేసుకునేలా పరచుకోవడం శుద్ధి రీత్యా మేలు. దానిపై నమాజు చేసేవారు జానమాజు వేసుకుంటే సందేహాలకు తావుండదు.

ఇప్పటికే ముంగిలంతా పరిపించినవారు కంగారుపడి పీకి పారేయనక్కరలేదు. బాగున్న వస్తువును పారవేయడమూ దుబారాయే. కుంపటి నిప్పులు, అగరుధూపపు బొగ్గులు దానికి దూరంగా ఉంచండి. ఎదురింటి కిటికీ అద్దాల నుండి ఎండ తిరిగిపడే చోట పోగులు కరిగిపోతాయి గనుక అక్కడ ఒక కుండీ అడ్డం పెట్టండి. అరిగిపోయిన తరువాత మాత్రం దానిని వీధి చివర తగులబెట్టవద్దు. ఆ పొగ పక్కింటి పసిపాప ఊపిరిలోకి పోతుంది. బాగున్నంత మేర ముక్కలుగా కత్తిరించి, వుజూ చేసే చోట కాళ్లు జారకుండా పరచుకోవచ్చును; మిగిలినది పురపాలక సంఘం వారి పొడిచెత్త బండిలో వేయండి.