ఎలక్ట్రిక్ గిటారు పికప్‌ల మార్పిడి

ఎలక్ట్రిక్ గిటారులో తంత్రుల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరాన్ని పికప్ అంటారు. గిటారుతో పాటు వచ్చిన పికప్‌లను, వాటికి అనుబంధంగా ఉండే పొటెన్షియోమీటర్లు, కెపాసిటర్, స్విచ్చి, తీగలను తీసివేసి వేరేవి అమర్చుకోవడం వాద్యకారులలో చాలాకాలంగా ఉన్న అలవాటు. ధ్వనిని మార్చుకోవడం, రొదను తగ్గించుకోవడం ఇందుకు ముఖ్య కారణాలు. అయితే ధ్వనిని నిర్ణయించేది పికప్ ఒక్కటే కాదు, దానికి కలిపిన వలయం మొత్తం. ఈ సంగతి గమనించకపోతే ఖరీదైన పికప్ కొన్నా ప్రయోజనం అంతగా కనిపించదు.

పనిచేసే విధానం

పికప్‌లో శాశ్వత అయస్కాంతం చుట్టూ సుమారు 0.06 మిల్లీమీటర్ల మందం గల రాగి తీగను కొన్ని వేల చుట్లు చుడతారు. అయస్కాంతం ప్రభావం వలన ఉక్కు తంత్రి కూడా అయస్కాంతత్వం పొందుతుంది. మీటినపుడు తంత్రి కదలడం వలన తీగచుట్ట గుండా పోయే అయస్కాంత అభివాహం మారి, చుట్టలో వోల్టేజి పుడుతుంది. ఇది ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రమే. నైలాన్ తంత్రులకు ఈ పికప్ పనిచేయకపోవడానికి కారణం కూడా ఇదే. జార్జి బోషాంప్ రూపొందించిన ఇటువంటి గిటారుకు అమెరికాలో 1937లో పేటెంటు లభించింది.

ఒకే చుట్ట ఉన్న పికప్ తంత్రి సంకేతంతో పాటు పరిసరాలలోని విద్యుత్ సరఫరా రొదను కూడా గ్రహిస్తుంది. గిబ్సన్ సంస్థలో పనిచేసిన సెత్ లవర్ దీనికి పరిష్కారంగా రెండు చుట్టల పికప్‌ను తయారుచేసి 1955లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. ఇందులో ఒక చుట్ట అయస్కాంత ధ్రువమూ, విద్యుత్ దిశా రెండూ రెండవదానికి వ్యతిరేకంగా ఉంటాయి. అందువలన తంత్రి సంకేతాలు కలుస్తాయి, రొద మాత్రం పరస్పరం రద్దవుతుంది. దీనినే హంబకర్ అంటారు. దీని ధ్వని కొంత నిండుగా, తక్కువ పదునుగా ఉంటుంది కనుక, పదును కోరుకునేవారు నేటికీ రొదను భరించి ఒంటి చుట్ట పికప్‌నే వాడుతున్నారు. లారీ డిమార్జియో 1972లో తెచ్చిన సూపర్ డిస్టార్షన్ తరువాత, మార్పిడి కొరకే తయారయ్యే పికప్‌ల వ్యాపారం పెరిగింది.

వలయం

ఒంటి చుట్ట పికప్‌లకు సాధారణంగా 250 కిలో ఓమ్‌ల, హంబకర్లకు 500 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్లు వాడతారు. గుండీని పూర్తిగా తిప్పినా ఈ నిరోధం పికప్‌కు సమాంతరంగా ఉండి, పై పౌనఃపున్యాల వద్ద ఏర్పడే అనునాద శిఖరాన్ని కొంత అణచివేస్తుంది. నిరోధం తక్కువైతే ధ్వని మెత్తబడుతుంది. హంబకర్ పెట్టి పాత 250 కిలో ఓమ్‌ల భాగాలను అలాగే ఉంచితే ధ్వని మందంగా అనిపించడం ఇందువలననే. యాంప్లిఫయరుకు కలిపే కేబుల్ కూడా వలయంలో భాగమే. మీటరుకు సుమారు 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్సు ఉన్న కేబుల్ పొడవు పెరిగేకొద్దీ అనునాద శిఖరం కిందికి జరుగుతుంది. కాబట్టి పికప్ కొనేముందు పొట్టి కేబుల్‌తో వాయించి చూడడం మంచిది.

టోన్ గుండీకి 0.022 లేదా 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ వాడతారు. ఒకే విలువ గల చవక కెపాసిటర్‌కూ, పాతకాలపు నూనె కాగితపు కెపాసిటర్‌కూ మధ్య చెవికి తెలిసే భేదం ఉంటుందనేది సందేహాస్పదం. పికప్ శక్తిని కిలో ఓమ్‌లలో చెప్పడం కూడా తప్పుదోవ పట్టిస్తుంది. చుట్ల సంఖ్య మారకపోయినా, తీగ సన్నబడితే నిరోధం పెరుగుతుంది.

ఖర్చు లేని మరొక మార్పు పికప్ ఎత్తు. స్క్రూలు తిప్పి తంత్రులకు దగ్గర చేస్తే శబ్దం పెరుగుతుంది. మరీ దగ్గరైతే అయస్కాంతం తంత్రిని లాగి శ్రుతి చెదురుతుంది.

అమరికలో జాగ్రత్తలు

పాత తీగలు విప్పేముందు వాటి ఛాయాచిత్రం తీసుకోవాలి. రాజనం గల ఎలక్ట్రానిక్స్ టంకమే వాడాలి, గొట్టాలకు వాడే ఆమ్లపు టంకం తీగలను తినివేస్తుంది. పాత కాలపు అసలు గిటారులో టంకం కదిలించినా దాని విలువ తగ్గుతుంది. కావున తీసిన భాగాలను పారవేయరాదు. వంతెనకు కలిపిన భూమి తీగను తొలగించరాదు. తంత్రులు దీని ద్వారానే యాంప్లిఫయర్ ఎర్త్‌కు చేరతాయి కనుక, ఇంటి ప్లగ్గులో ఎర్త్ సరిగా ఉన్నదీ లేనిదీ ముందే చూసుకోవాలి. లోపలి గదికి రాగి రేకు అంటిస్తే విద్యుత్ క్షేత్రం వలన కలిగే రొద తగ్గుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం వలన వచ్చే గుంయి శబ్దాన్ని అది ఆపలేదు.

హంబకర్‌కు సాధారణంగా నాలుగు తీగలు ఉంటాయి. వాటి రంగులు సంస్థను బట్టి మారతాయి కనుక తయారీదారు పటం చూడక తప్పదు. రెండు పికప్‌లను కలిపి వాయించినపుడు ధ్వని పీలగా వస్తే వాటి దిశలు వ్యతిరేకంగా ఉన్నట్టు. ఒకదాని రెండు తీగలను తారుమారు చేస్తే సరిపోతుంది. లోహపు మూత భూమి తీగకు కలిసి ఉన్న పికప్‌లో మాత్రం ముందు ఆ కలయికను విడదీయాలి. బ్రయన్ మే తన స్వంత గిటారులో ప్రతి పికప్‌కూ దిశ మార్చే స్విచ్చిని కావాలనే పెట్టుకున్నాడు.