చిన్నబండ నింపుట యింటిపని కాదు

వంటయింట ఒక పాత్రలోని వస్తువును మరియొక పాత్రలోనికి మార్చుకొనుట మనకు నిత్యకృత్యము. పెద్దడబ్బాలోని నూనెను చిన్నచెంబులోనికిని, జాడీలోని ఊరగాయను గిన్నెలోనికిని తీసికొనుచునే యుందుము. ఈ యలవాటువలననే కాబోలు, పెద్ద గ్యాసుబండలోని గ్యాసును చిన్నబండలోనికి నింపుకొనుటయు అట్టి పనియే యని కొందరు సోదరీమణులు తలచుచున్నారు. అది యట్టిది కాదని చెప్పుటకే మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా పొరుగింటి యిల్లాలి కుమారుడు హైదరాబాదులో గది అద్దెకు తీసికొని చదువుకొనుచున్నాడు. హోటలు భోజనము పడక, పైన బర్నరు బిగించిన చిన్నబండ నొకదానిని బజారులో కొని వంట మొదలుపెట్టెను. అది ఖాళీ యైనపుడెల్ల నింపువాడు అధికధర అడుగుచున్నాడని, సెలవులకు వచ్చుచు దానిని వెంట తెచ్చెను. ఇరుగుపొరుగువారు చూతురను భయముతో తల్లీకొడుకులు తలుపులు మూసికొని, పెద్దబండనుండి గొట్టము పెట్టి నింప నారంభించిరి. కొంతసేపటికి గొట్టము జారెను. ఆమె చేయి పట్టుకొని మాయింటికి పరుగెత్తుకొని వచ్చి, “అక్కయ్యగారూ, నిప్పన్నది లేదు గదా, చేయి ఇట్లా కాలిందేమండీ?” అని యడిగెను. వ్రేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కియుండెను. అదృష్టవశమున దేవునిగూటిలో సందెదీపము ఇంకను వెలిగింపలేదు. వెలిగించియుండినచో ఆ సాయంకాలము మరియొకవిధముగా ముగిసియుండెడిది.

ఆమె ప్రశ్నకు సమాధానమిది. బండలో నుండునది ప్రొపేను, బ్యూటేను అను వాయువుల మిశ్రమము. ఒత్తిడిచే దానిని ద్రవముగా చేసి నింపుదురు. బయటపడినతోడనే ఆ ద్రవము మరిగి ఆవిరి యగును. ప్రొపేను సున్నకు దిగువ 42 డిగ్రీల చలిలోనే మరుగును. మరుగుటకు కావలసిన వేడిని అది తాకిన చేతినుండియే లాగికొనును. అందుచే చర్మము గడ్డకట్టి, కాలినట్లే గాయమగును.

ఒక్క లీటరు ద్రవము సుమారు 250 లీటర్ల ఆవిరిగా వ్యాపించును. అది గాలికంటె ఒకటిన్నర మొదలు రెండు రెట్లు బరువైనది. కావున పైనున్న కిటికీగుండ పోక, నేలమీద నీటివలె ప్రాకి, గడప దాటి ప్రక్కగదిలోనికి చేరును. గాలిలో నూటికి రెండుపాళ్లు కలిసిన చాలును, ఒక్క నిప్పురవ్వకు భగ్గుమనును. ఆ రవ్వకు అగ్గిపుల్లయే యక్కరలేదు. దీపపు స్విచ్చి నొక్కుటయు, ఫ్రిజ్జి తనంతట తాను ఆడ నారంభించుటయు చాలును. గ్యాసునకు స్వతహాగా వాసన యుండదు. మనకు హెచ్చరికగా నుండుటకే దుర్గంధద్రవ్యమును కలుపుదురు. ఆ వాసన తగులుచుండగా పని సాగించుట, హెచ్చరించుటకు వచ్చినవానిని వాకిటనే త్రోసివేయుట వంటిది.

గొట్టము జారనే లేదనుకొందము. పని చక్కగా ముగిసినదని చెప్పవచ్చునా? చెప్పరాదు. అసలు ప్రమాద మప్పుడే బండలో కూర్చుండును. కర్మాగారములో ఏ బండనైనను నిండుగా నింపరు. సుమారు ఐదింట నాలుగుపాళ్లు మాత్రమే ద్రవము నింపి, తక్కినచోటు ఆవిరికి విడిచిపెట్టుదురు. ఏలయన, ఈ ద్రవము వేడి తగిలినపుడు నీటికంటె సుమారు పదిరెట్లు ఎక్కువగా ఉబ్బును. ప్రెషరుకుక్కరులో పప్పును మూతవరకు నింపరాదని మన మెరుగుదుము గదా! అక్కడ పొంగిన పప్పు బయటికి వచ్చును. ఇక్కడ ఉబ్బిన ద్రవమునకు పోవుదారి లేదు. ఇంట నింపువారికి లోపల ఎంత చేరినదో కనబడదు. సాయంకాలపు చల్లదనములో నిండిన బండ, మరునాటి మధ్యాహ్నము రేకులగదిలోనో, ఎండలో నిలిచిన బస్సులోనో వేడెక్కునపుడు, చోటు చాలని ద్రవము గోడలను అపారమైన బలముతో త్రోయును. పలుచని రేకుతో చేసిన బజారుబండ దానికి తాళజాలదు. ఆనాడు ఆ బండ ప్రక్కన నిద్రించుచుండువాడు మన బిడ్డయే!

కర్మాగారమువారు ప్రతిబండను తూచి నింపి, కవాటము కారుచున్నదేమో చూచి, పిమ్మట సీలు వేయుదురు. మన వంటయింట నీ సాధనములు లేవు. 2000 సంవత్సరపు గ్యాసు సరఫరా ఉత్తర్వునుబట్టి, అనుమతి లేనివారు ఒకబండనుండి మరొకబండకు గ్యాసు మార్చుట నేరము కూడను. వీధిలో నింపు అంగళ్లకును ఇదియే వర్తించును.

మరి దూరముననున్న పిల్లలకు, కూలికై వలసపోయినవారికి దారి యేమి? ప్రభుత్వ చమురుసంస్థలవారు 2013 నుండి 5 కిలోల చిన్నబండలను చిరునామాఋజువు కోరకయే అమ్ముచున్నారు. గుర్తింపుకార్డు చూపిన చాలును. ఖాళీబండ నిచ్చి నిండినది తెచ్చుకొనవచ్చును. 14.2 కిలోల యింటిబండతో పోల్చిన కిలో ఒక్కింటికి ధర అధికమే. కాని ఆ వ్యత్యాసమును బిడ్డ ప్రాణముతో తూచి చూచుకొనవలెను.

బండ పుచ్చుకొనునపుడు సీలు చూడుడు, తూకము వేయించుడు. పైపట్టీమీద ఏ, బి, సి, డి లలో నొక అక్షరమును, సంవత్సరపు అంకెయు నుండును. ఏ యనగా జనవరి మొదలు మార్చి వరకు. తక్కినవియు నట్లే మూడేసి మాసములు. మరల పరీక్ష చేయింపవలసిన గడువది. గడువు దాటినదానిని తిరిగి పంపుడు.

ఎప్పుడైనను వాసన వచ్చినచో మంట ఆర్పి, కవాటము కట్టి, తలుపులు తెరువుడు. ఏ స్విచ్చిని వేయకుడు, తీయకుడు. పిల్లలను వెంటబెట్టుకొని బయటికి వచ్చి, అచ్చటనుండి 1906 నంబరుకు ఫోను చేయుడు.

మా పొరుగింటి యిల్లాలి వ్రేళ్లు గోరువెచ్చని నీటితోను, వైద్యునిచికిత్సతోను నయమైనవి. కుమారుడిప్పుడు 5 కిలోల బండ తెచ్చుకొని వండుకొనుచున్నాడు. ఆమె మాత్రము సందెదీపము వెలిగించునపుడెల్ల ఒక్క నిమిషమాగి, ముందు గాలి వాసన చూచుచున్నది. ఆ యొక్క నిమిషము మన సోదరీమణు లందరికిని అలవాటగును గాక!