పడుకుంటే తీరే అలుపు కాదిది

రొమ్ము ఆపరేషన్ అయి కీమో ఎక్కుతున్న మీ పెద్దమ్మ లేచి నిలబడ్డానికే ఓపిక లేదంటుంటే బెంగళూరు డాక్టరమ్మ నడవమంటోందని కదా పాపా, నీ కోపం? నీ సందేహం న్యాయమైందే. ఒకప్పుడు డాక్టర్లు కూడా కీమో ఎక్కినవాళ్ళను కదలకుండా పడుకోమనేవాళ్ళు.

పొద్దంతా శెనక్కాయలు పీకి అలిసిపోతే రాత్రి నిద్రతో తేరుకుంటాం. కీమో అలుపు ఆ జాతిది కాదు. పది గంటలు పడుకుని లేచినా కాళ్ళు పీకుతూనే ఉంటాయి. ఆ మందు వేగంగా పెరిగే కణాలన్నిటి మీదా పడుతుంది కాబట్టి, కేన్సర్ కణాలతో పాటు ఎముక మజ్జలో రక్తాన్ని తయారుచేసే కణాలూ దెబ్బ తింటాయి. రక్తం పలచబడితే కండకు ఆక్సిజన్ చాలదు.

ఓపిక లేదని మంచం పట్టారా, రెండో దెబ్బ మొదలవుతుంది. వాడని కండ కరిగిపోతుంది, గుండె బలం తగ్గుతుంది. ఎండాకాలమంతా కొట్టంలో కట్టేసిన ఎద్దును తొలివానకు మడకకు కడితే మూడో సాలుకే నిలబడిపోతుంది చూడు, అదే సంగతి. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఐదుగురు ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళను మూడు వారాలు మంచం మీదే ఉంచి చూశారు. వాళ్ళ ఒళ్ళు ఆక్సిజన్ వాడుకునే శక్తి పావువంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ ఆ ఐదుగురినే పరీక్షిస్తే, వయసు చేసిన నష్టం ఆ మూడు వారాలు చేసినంత కూడా లేదట. జబ్బే లేని కుర్రాళ్ళ సంగతే అది!

నడక సంగతి తేల్చినవాళ్ళలో ఒక నర్సు ఉండడం నాకు భలే ఇష్టం. విక్టోరియా మాక్ అని, అమెరికా ఆవిడ. రొమ్ము కేన్సర్‌కు కరెంటు (రేడియేషన్) పెట్టించుకుంటున్న 46 మంది ఆడవాళ్ళలో కొందరిని వాళ్ళ ఇంటి దగ్గరే, వాళ్ళ ఓపిక కొద్దీ నడిపించింది. 1997లో ఫలితం అచ్చయింది. నడిచినవాళ్ళకు అలుపు, ఆందోళన తక్కువ, నిద్ర మేలు. 2005లో మరో లెక్క వచ్చింది. రొమ్ము కేన్సర్ వచ్చిన 2,987 మంది నర్సులను ఏళ్ళ తరబడి గమనిస్తే, వారానికి మూడు నుంచి ఐదు గంటల నడకకు సమానంగా కదిలినవాళ్ళలో చావులు తక్కువగా కనిపించాయి. నడకే బతికించిందని దీన్నిబట్టి తేల్చలేం. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్ళే ఎక్కువ నడిచి ఉండొచ్చుగా? అలుపు తగ్గుతుందనే మాట మాత్రం గట్టిది. 2022లో అమెరికా కేన్సర్ డాక్టర్ల సంఘం కూడా చికిత్స జరుగుతుండగానే వ్యాయామం చేయించమని రాసింది.

ఇక మన ఊరు కెంచార్లహళ్ళిలో కష్టం వేరు. ఇక్కడ ఆడమనిషి ఊరికే నడిస్తే నలుగురు ఆపి "యాడికి పోతావుండావు?" అంటారు. జబ్బు సంగతి దాచుకున్నవాళ్ళకు ఆ ప్రశ్నే పెద్ద బరువు. పాల డైరీకి అని చెప్పమను. చేతిలో చిన్న క్యాన్ ఉంటే చాలు, అదీ ఆపరేషన్ కాని చేత్తో. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు మొదలుపెట్టి, మెల్లగా వారానికి మూడుసార్లు అరగంట చొప్పున నడిచేదాకా తేవాలి. రెండు మూడు నెలలు వదలకుండా చేస్తే తేడా తెలుస్తుంది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడేంత ఊపిరి మాత్రం మిగలకూడదు. అదే కొలత, వాచీలు అక్కర్లేదు.

"ఇంటిపని చేస్తోంది కదా, మళ్ళీ నడకెందుకు?" అంటాడు మీ పెద్దనాయన. వంటింట్లో నాలుగడుగులు వేసి ఆగడంతో గుండెకు ఆ సాధన రాదు. పైగా ఆపరేషన్ అయిన కొత్తలో రాగిసంగటి గెలకడమంటే ఆ చేతికి మామూలు శ్రమ కాదు. ఆ అరగంట ఆవిడకు దొరకాలంటే ఆయన సంగటి కట్టె పట్టాల్సిందే.

అన్ని రోజులూ నడవకూడదు సుమా. జ్వరం 100.4 దాటితే నడక కాదు, వెంటనే ఆసుపత్రికి పోవాలి. కీమో అయిన రెండో వారంలో తెల్లకణాలు బాగా పడిపోతాయి, అప్పుడు చింతామణి మార్కెట్ గుంపుల్లోకి పోనివ్వకండి. గుండె నొప్పి, కళ్ళు తిరగడం ఉన్నా, జబ్బు ఎముకలకు పాకినా డాక్టరును అడగందే అడుగు వేయొద్దు. పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కితే అరికాళ్ళు మొద్దుబారొచ్చు, ముల్లు గుచ్చుకున్నా తెలియకపోవచ్చు. హవాయి చెప్పులు పక్కన పెట్టి బూట్లు కొనివ్వు.

చంకలో గడ్డలు తీసిన చేయి వాస్తుందని జన్మంతా బరువెత్తొద్దనేవాళ్ళు. కేథరిన్ ష్మిట్జ్ అనే ఆవిడ, చేయి వాచిన 141 మందిలో కొందరి చేత పద్ధతిగా, కొద్దికొద్దిగా బరువులెత్తించి 2009లో ఆ భయం తీర్చింది. ఎత్తినవాళ్ళకు వాపు పెరగలేదు. కుట్లు మానాక, ఫిజియోథెరపీ వాళ్ళు నేర్పితే పెద్దమ్మా ఎత్తొచ్చు. సంగటి మాత్రం అప్పటికీ పెద్దనాయనే గెలకొచ్చు, వద్దనే శాస్త్రం నేనెక్కడా చదవలేదు.